పిల్లి పగబట్టదు

(పిల్లులను పెంచుకొనే కుటుంబాల కోసం హైదరాబాదులో ఏర్పాటైన సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

లోపలికి వచ్చేటప్పుడు మీరు రాసి ఇచ్చిన చీటీలన్నీ ఇప్పుడే చదివాను. సగానికి పైగా చీటీలలో ఒకే సంగతి ఉంది: పిల్లి తన ట్రేలో (మలమూత్రాల కోసం ఇసుక పోసి పెట్టే పళ్లెంలో) కాకుండా మంచం మీద, సోఫా మూలన, ఉతికి మడతపెట్టిన బట్టల మీద మూత్రం పోస్తోంది. మూడు చీటీలలో దానికి కారణం కూడా రాశారు. "ఊరికి వెళ్లి వచ్చినందుకు మా మీద పగబట్టింది" అని ఒకరు, "కొత్త కోడలు ఇంట్లో అడుగుపెట్టినందుకు కసి తీర్చుకుంటోంది" అని మరొకరు, "తిట్టానని కావాలనే చేస్తోంది" అని ఇంకొకరు. నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఆ కారణం గురించే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. పిల్లి పగబట్టదు. పగ తీర్చుకోవాలంటే నిన్న జరిగినదాన్ని మనసులో పెట్టుకొని, ఎదుటివారికి ఏది బాధ కలిగిస్తుందో ఊహించి, దానికి తగిన పనిని ఎంచుకొని చేయాలి. పిల్లికి అంతటి పన్నాగం ఉందనడానికి ఆధారం లేదు. పైగా మనకు రోత పుట్టించే ఆ వాసన దానికి రోత కాదు, తన ఉనికిని తెలిపే గుర్తు. మీ పరుపు మీద మూత్రం పోసిందంటే, మీ వాసన ఉన్న చోట తన వాసన కలిపి ధైర్యం తెచ్చుకుంటూ ఉండవచ్చు, లేదా మూత్రం పోసేటప్పుడు మంట పుట్టి మెత్తని చోటు వెతుక్కొని ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏది నిజమైనా, దానికి జవాబు దెబ్బ కాదు.

పిల్లి ఎటువంటి జంతువో ఒక్క నిమిషం గుర్తు చేసుకుందాం. మన ఇళ్లలోని పిల్లికి మూలం ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లి. మనుషులు ధాన్యం నిల్వ చేయడం నేర్చుకున్నాక ఎలుకలు చేరాయి, ఎలుకల కోసం పిల్లి చేరింది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో ఒక మనిషికి దగ్గరగా పూడ్చిన పిల్లి అస్థిపంజరం దొరికిందని 2004లో పరిశోధకులు ప్రకటించారు. అంతకాలం మన గాదెల పక్కన తిరిగినా, అది ఒంటరిగా వేటాడే స్వభావాన్ని వదులుకోలేదు. ఒంటరిగా వేటాడే చిన్న జంతువుకు జబ్బు చేస్తే తోడు వచ్చేవారు ఉండరు. తన బలహీనత పెద్ద జంతువుల కంట పడితే ప్రాణానికే ముప్పు. అందువల్ల నొప్పిని దాచుకోవడం పిల్లికి పుట్టుకతో వచ్చింది. కుక్క కుంటుతూ వచ్చి మీ ముందు కాలు చాపుతుంది. పిల్లి మాత్రం నిన్నటి దాకా ఎక్కిన బీరువా పైకి ఈ రోజు ఎక్కడం మానేస్తుంది, అంతే. దాని నడతలో వచ్చిన మార్పే అది మనకు చెప్పగలిగిన మాట.

ఇక మూత్రం సంగతి. మిగతావన్నీ మరచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోవాలని చేతులు జోడించి అడుగుతున్నాను. మగ పిల్లి పదేపదే ట్రేలోకి వెళ్లి, ముక్కుతూ కూర్చొని, చుక్కలు చుక్కలుగా మాత్రమే పోస్తున్నా, అసలు పోయలేకపోతున్నా, అప్పుడు అరుస్తున్నా, మూత్రం వచ్చే చోటును అదే పనిగా నాకుతున్నా, అది ప్రవర్తన సమస్య కాదు, ప్రాణాపాయం. మగ పిల్లి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. జిగురు గడ్డ గానీ, స్ఫటికాలు గానీ అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే పిల్లి చనిపోవచ్చు. మలబద్ధకమనుకొని ఆముదం పట్టించి, తెల్లవారాక చూద్దామని ఆగిన కుటుంబాలను నేను చూశాను. వారికి పిల్లి మీద ప్రేమ లేక కాదు, తెలియక. దయచేసి ఆ రాత్రే బయలుదేరండి.

మూత్రం ఆగిపోకపోయినా మంట పుట్టించే జబ్బు మరొకటి ఉంది. మూత్రాశయం లోపలి పొర వాచి, కొన్నిసార్లు రక్తం కూడా పడుతుంది. పరీక్ష చేస్తే చాలాసార్లు సూక్ష్మక్రిములూ ఉండవు, రాళ్లూ ఉండవు. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ అనే పశువైద్య శాస్త్రవేత్త ఈ జబ్బు మీద ఏళ్ల తరబడి పనిచేశారు. పిల్లి మానసిక ఒత్తిడికీ ఈ వాపుకూ గట్టి సంబంధం ఉందనీ, దాక్కొనే చోటు, ఎక్కే ఎత్తు, వేళ తప్పని తిండి, ఆట కల్పిస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందనీ ఆ పరిశోధనలు చూపాయి. ఇప్పుడు ఆ మొదటి చీటీ వైపు చూడండి. మీరు వారం రోజులు ఊరికి వెళ్లారు, ఎవరో పొరుగువారు వచ్చి తిండి పెట్టి వెళ్లారు, ఇల్లంతా కొత్త వేళలు, కొత్త అడుగుల చప్పుళ్లు. మీరు తిరిగి వచ్చేసరికి పిల్లి పరుపు మీద పోసింది. మనం పగ అనుకున్నది ఆ వారం రోజుల బెంగ వల్ల మూత్రాశయంలో పుట్టిన మంట అయి ఉండవచ్చు.

వాపు తగ్గాక కూడా కొన్ని పిల్లులు ట్రే వైపు వెళ్లవు. ఇది అర్థం కావడానికి మనకు పెద్ద గ్రంథాలు అక్కరలేదు, తెనాలి రామకృష్ణుని పిల్లి కథ చాలు. మరుగుతున్న పాలలో ఒక్కసారి మూతి కాల్చుకున్న ఆ పిల్లి, తరువాత చల్లని పాలు పెట్టినా పరుగు తీసింది. కథలో అది రాయలవారి ముందు ఎత్తుగడగా వస్తుంది, కానీ పిల్లి నేర్చుకొనే తీరు గురించి అందులో ఉన్నది అక్షరాలా నిజం. పాలకూ నొప్పికీ ముడిపడినట్టే, ట్రేకూ మంటకూ ముడిపడుతుంది. అటువంటి పిల్లిని ఎత్తుకెళ్లి ట్రేలో కూలేసి "ఇక్కడ పొయ్యి" అని అదిమి పట్టుకుంటే ఆ ముడి ఇంకా బిగుస్తుంది. దానికి కొత్త చోట, కొత్త ఆకారంలో, వేరే రకం ఇసుకతో మరో ట్రే పెట్టి, అది తానుగా వచ్చి వాసన చూసుకొనే దాకా ఆగాలి.

జబ్బు లేదని తేలిన తరువాత చూడవలసింది ట్రేనే. నా అనుభవంలో ఎక్కువ ఇళ్లలో తప్పు ఇక్కడే దొరుకుతుంది. దుకాణాల్లో అమ్మే ట్రేలు చాలామటుకు పిల్లికూనలకు సరిపోయేవి. మూతి నుంచి తోక మొదలు దాకా పిల్లి పొడవు ఎంతో, దానికి ఒకటిన్నర రెట్లు ట్రే పొడవు ఉండాలి. దుప్పట్లు దాచుకొనే పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొని, ఒక పక్క అంచును కిందికి కోసి నున్నగా చేస్తే అంతకన్నా మంచి ట్రే దొరకదు. ఎన్ని పిల్లులున్నాయో అంతకు ఒకటి ఎక్కువగా ట్రేలు ఉండాలి, అవి వరుసగా ఒకే గదిలో కాదు, వేర్వేరు చోట్ల ఉండాలి. ఒకే చోట నాలుగు పెట్టినా, గుమ్మంలో బలమైన పిల్లి కూర్చుంటే రెండోదానికి ఒక్కటీ లేనట్టే. ఇసుక సన్నగా, తడికి గడ్డకట్టేదిగా, ఏ సువాసనా కలపనిదిగా ఉంటే ఎక్కువ పిల్లులు ఇష్టపడతాయి. మల్లెపూల వాసన, నిమ్మ వాసన మన కోసం కలిపినవి. మనకన్నా ఎన్నో రెట్లు చురుకైన ముక్కుతో ఆ ఘాటు మధ్య కూర్చోవడం పిల్లికి శిక్ష. రోజూ కనీసం ఒకసారి గడ్డలు తీసివేయాలి. వయసు మళ్లిన పిల్లికి అంచు మరీ తక్కువగా ఉండాలి. 12 ఏళ్లు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలను అమెరికాలో పరిశీలించినప్పుడు తొంభైకి కీళ్ల అరుగుదల కనిపించింది. కీళ్లు అరిగిన ముసలి పిల్లికి ఆరంగుళాల అంచు గోడ వంటిదే.

ట్రే ఎక్కడ ఉందన్నది కూడా అంతే ముఖ్యం. ఒక అపార్ట్‌మెంటు నుంచి మూడేళ్ల ఆడ పిల్లిని తీసుకొచ్చారు. పరీక్షలన్నీ బాగున్నాయి. ట్రే పెద్దది, శుభ్రంగా ఉంది, అయినా వారానికి రెండు మూడుసార్లు అమ్మమ్మగారి పరుపు మీదే పోస్తోంది. నేను అడిగిన ప్రశ్నలకు ఆ ఇంటి కొడుకూ కోడలూ జవాబులు చెబుతున్నారు. వెనుక కూర్చున్న ఆ అమ్మమ్మగారు మాత్రం నెమ్మదిగా, "బట్టలు ఉతికిన రోజునే పోస్తుంది నాయనా" అన్నారు. ట్రే వంటగది వెనుక బాల్కనీలో, వాషింగ్ మెషీన్ పక్కన ఉంది. పిల్లి ట్రేలో కూర్చున్న ఏదో ఒక రోజున ఆ యంత్రం ఒక్కసారిగా గిర్రున తిరిగి ఉంటుంది. ట్రేను నిశ్శబ్దంగా ఉండే మరో మూలకు మార్చిన రెండు వారాల్లో పరుపు తడవడం ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో అందరికన్నా ఎక్కువసేపు పిల్లితో గడిపేది ఎవరో తెలుసుకొని, మొదట వారినే అడగడం అలవాటు చేసుకున్నాను.

తడిసిన చోటును శుభ్రం చేయడంలో మనవైపు ఒక ప్రమాదకరమైన అలవాటు ఉంది, ఫినాయిల్. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద నడిచి, ఆ పాదాలు నాకితే విషం లోపలికి పోతుంది. జ్వరానికి మనం వేసుకొనే పారాసెటమాల్ పిల్లికి ప్రాణాంతకం కావడానికి కూడా కాలేయంలోని ఈ లోపమే ఒక ముఖ్య కారణం. ఒక్క మాత్ర చాలు. మూత్రపు మరకలకు ఎంజైమ్ ఉన్న క్లీనర్లు దొరుకుతాయి, అవి వాసనను మూలంలో విరగగొడతాయి. అమ్మోనియా వాసన వచ్చే ద్రవాలు వాడితే, ఆ చోటు మూత్రం పోయవలసిన చోటేనని పిల్లికి మనమే గుర్తు పెట్టినట్టవుతుంది.

మూత్రం పోయడానికీ స్ప్రే చేయడానికీ తేడా ఉంది. కూర్చొని, నేల మీద, ఎక్కువగా పోస్తే అది మూత్ర విసర్జన. నిలబడి, గోడకో తలుపుకో వెనుక భాగం చూపి, తోక నిలబెట్టి వణికిస్తూ కొంచెం చిమ్మితే అది గుర్తు పెట్టడం. గండు పిల్లి చిమ్మినప్పుడు వచ్చే ఆ ఘాటు వాసనకు మూలం ఫెలినైన్ అనే పదార్థం. అది పూర్తిగా ఎదిగిన, ఆపరేషన్ కాని మగ పిల్లుల మూత్రంలో ఎక్కువగా ఉంటుంది. వృషణాలు తీసివేసే ఆపరేషన్ చేయిస్తే పదింటిలో సుమారు తొమ్మిది మగ పిల్లులు చిమ్మడం మానేస్తాయి లేదా బాగా తగ్గిస్తాయి. "పాపం, సంసారం లేకుండా చేయడమెందుకు" అని వెనకాడేవారికి నా మనవి ఒకటే: పిల్లికి అది సంసారం కాదు, తెగిన చెవులతో, చీము పట్టిన గాయాలతో, వీధి వీధి తిరిగే పోరాటం. ఆపరేషన్ అయిన తరువాత కూడా చిమ్ముతుంటే కిటికీ బయట చూడండి. వీధిలోని మరో గండు పిల్లి ప్రహరీ మీదికి వచ్చి కూర్చుంటూ ఉండవచ్చు. కిటికీ కింది సగానికి మసక కాగితం అంటిస్తే చాలాసార్లు సమస్య సద్దుమణుగుతుంది.

సోఫా గీరడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఎందుకంటే అది జబ్బూ కాదు, తప్పూ కాదు. గోటి మీది పాత పొరను ఊడదీయడానికి, ఒళ్లు విరుచుకోవడానికి, పాదాల్లోని గ్రంథుల వాసన అంటించడానికి పిల్లి గీరుతుంది. దాన్ని మాన్పించలేం, చోటు మార్చగలం. మూడడుగుల ఎత్తున్న, కదలని, ఊగని ఒక దుంగకు కొబ్బరి తాడు గానీ జనపనార తాడు గానీ బిగుతుగా చుట్టి, సోఫా గీరే చోటనే నిలబెట్టండి. ఇంటి మూలన ఎక్కడో దాచి పెడితే ఉపయోగం లేదు. నేల మీద అడ్డంగా గీరే పిల్లికి పాత గోనెపట్టా పరిచినా సరిపోతుంది. గోళ్లు పూర్తిగా తీయించమని ఇప్పటికీ కొందరు అడుగుతున్నారు. ఆ ఆపరేషన్‌లో తీసేది గోరు కాదు, ప్రతి వేలి చివరి ఎముక. చాలా దేశాలు దాన్ని నిషేధించాయి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం కూడా 2019లో నిషేధించింది. నేను చేయను, చేసేవారి దగ్గరికి పంపను.

కొరకడం, రక్కడం గురించి వచ్చిన చీటీలలో ఎక్కువ భాగం ఏడాది లోపు పిల్లులవి. నాలుగు వారాల కూనను ముద్దుగా ఉందని తల్లి నుంచి విడదీసి తెస్తాం. మనిషికి అలవాటు పడడానికి రెండో వారం నుంచి ఏడో వారం వరకు మంచి అదను, అది నిజమే. కానీ ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పి కలుగుతుందో కూన నేర్చుకొనేది తోబుట్టువులతో పొర్లాడేటప్పుడే. ఆ తోబుట్టువులు లేని కూనతో మనం వేళ్లు ఆడించి ఆడుకుంటాం, చేయి వేటాడవలసిన వస్తువని మనమే నేర్పుతాం, ఎనిమిది నెలలకు అది మడమ పట్టుకుంటే కోపం తెచ్చుకుంటాం. కర్రకు కట్టిన ఈకతో, దారంతో ఆడించండి, చేతితో వద్దు. రోజుకు రెండుసార్లు పది పదిహేను నిమిషాలు ఆడించి, చివర దాన్ని పట్టుకోనిచ్చి, వెంటనే తిండి పెట్టండి. ఆట ముగిశాక దారాన్ని పెట్టెలో దాచేయాలి, మింగితే పేగులు చుట్టుకుంటాయి.

ఒళ్లో కూర్చున్న పిల్లి నిమురుతుండగా హఠాత్తుగా కొరికిందంటారు. హఠాత్తుగా కాదు; తోక చివర కొట్టుకుంటుంది, వీపు మీది చర్మం అలలా కదులుతుంది, చెవులు పక్కకు తిరుగుతాయి. అది చెప్పినప్పుడు చేయి తీసేస్తే కొరకవలసిన అవసరం దానికి రాదు. బుగ్గలు, గడ్డం కింద నిమరడం చాలా పిల్లులకు ఇష్టం, పొట్ట మీద చేయి వేయడం ఇష్టం ఉండదు. మెడ వెనుక చర్మం పట్టి లేపే అలవాటు కూడా మానాలి. తల్లి పిల్లి కూనను నోట కరచుకొని పోతుందనీ, కూన నిశ్చింతగా ఉంటుందనీ మన వైష్ణవ పెద్దలు మార్జాల కిశోర న్యాయం చెప్పారు. ఆ నిశ్చింత కూన వయసుకు, తల్లి నోటికి చెందినది. పెద్ద పిల్లి మెడ పట్టి లేపితే అది కదలకుండా ఉండేది నిశ్చింతతో కాదు, భయంతో బిగుసుకుపోయి. ఇక, ఎప్పుడూ కొరకని పిల్లి కారణం లేకుండా తీవ్రంగా దాడి చేసినా, వీధి పిల్లి కరిచినా, గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ పిల్లుల నుంచి కూడా వస్తుంది.

రెండో పిల్లిని తెచ్చి మొదటిదాని ముందు దించి "ఆడుకోండి" అనడం, మన ఇంట్లోకి ముక్కూమొహం తెలియని మనిషిని తెచ్చి మన మంచం మీద పడుకోబెట్టడం వంటిది. కొత్తదాన్ని వేరే గదిలో ఉంచి, ఒకదాని పక్కబట్ట మరొకదానికి వాసన చూపి, మూసిన తలుపుకు ఇరువైపులా తిండి పెట్టి, వారాలు పట్టినా ఓపిక పట్టాలి.

రాత్రి అరుపుల గురించి రెండు మాటలు. "కాలుగాలిన పిల్లిలా" అనే మాటను పుట్టించినవారు పిల్లిని శ్రద్ధగా చూసినవారే. నెమ్మదిగా పడుకోవలసిన జంతువు గది గది తిరుగుతోందంటే ఏదో బాధ ఉంది. ఆపరేషన్ కాని ఆడ పిల్లి అయితే ఎదకు వచ్చి ఉంటుంది. పదేళ్లు దాటిన పిల్లి కొత్తగా అరవడం మొదలుపెడితే థైరాయిడ్, రక్తపోటు, చూపు, వినికిడి పరీక్ష చేయించాలి. ఆరోగ్యంగా ఉన్న కుర్ర పిల్లి నాలుగింటికి లేపుతుంటే, పగలంతా చేయడానికి దానికి ఏమీ లేదన్నమాట. అది మసక వెలుతురులో వేటాడే జంతువు. మీరు పడుకొనే ముందు ఆడించి, రోజు తిండిలో ఒక భాగం అప్పుడు పెట్టండి. లేపినప్పుడు లేచి గిన్నె నింపితే మాత్రం మరునాడు మూడున్నరకే లేపుతుంది.

ఆకలి కూడా ఒక కారణం. శాకాహార కుటుంబాలలో పిల్లిని పెరుగన్నం మీద పెంచుతున్నారు. మీ ఆచారం మీద నాకు గౌరవం ఉంది, కానీ పిల్లి మాంసాహారి. దాని శరీరం టారిన్ అనే పదార్థాన్ని తగినంత తయారు చేసుకోలేదు. అది అన్నంలో లేదు, పెరుగు, పాలలో ఉన్నది ఏ మూలకూ చాలదు. టారిన్ లేకపోతే కంటి రెటీనా, గుండె కండరం దెబ్బతింటాయని 1980ల నాటికే స్పష్టంగా తేలింది. వంటింట్లో దొంగతనం చేసే పిల్లి చాలాసార్లు సరైన తిండి లేని పిల్లి. పాలు కూడా ఎదిగిన పిల్లులలో చాలావాటికి అరగక విరేచనాలవుతాయి, ఆ విరేచనాల వల్ల ట్రే అంటే మళ్లీ అయిష్టం పుడుతుంది.

కొట్టడం, నీళ్లు చిమ్మడం, మూత్రంలో మూతి రుద్దడం, గదిలో బంధించడం, ఇవి ఏవీ పనిచేయవు. ఆ పని తప్పని పిల్లికి తెలియదు, మీరు భయపడవలసిన మనిషి అని మాత్రం తెలుస్తుంది. ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడితో మూత్రాశయం మళ్లీ వాస్తుంది, అది మళ్లీ పరుపు మీద పోస్తుంది. ఇంకొందరు విసిగిపోయి గోనె సంచిలో వేసి ఊరి చివర వదిలి వస్తారు. ఇంట్లో పెరిగిన పిల్లి అక్కడ ఆకలితో, కుక్కల బారిన పడి పోతుంది. పెంపుడు జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. విసుగు అంత దాకా వచ్చినవారు ఈ సభ ముగిశాక నన్ను కలవండి. ఎన్ని గంటలైనా కూర్చుందాం.

వైద్యుని దగ్గరికి వచ్చేటప్పుడు ఒక చిన్న నోటు పుస్తకం తీసుకురండి: ఏ రోజు, ఏ వేళ, ఏ చోట, అంతకు ముందు ఇంట్లో ఏం జరిగింది. అది ట్రేలో కూర్చునే తీరు ఫోనులో వీడియో తీసి చూపిస్తే మాకు సగం పరీక్ష పూర్తయినట్టే. పిల్లిని తీసుకొచ్చే బుట్టను అటక మీది నుంచి ఆ ఉదయమే దించితే అది మంచం కిందికి దూరుతుంది. ఈ రోజు ఇంటికి వెళ్లగానే ఆ బుట్ట దించి, తలుపు తీసి, లోపల మీ పాత చీర ముక్క పరిచి, హాలులో ఒక పక్కన అలాగే వదిలేయండి. రోజూ అందులో రెండు ముక్కలు కోడి మాంసం వేయండి. కొన్నాళ్లకు అది అందులోనే నిద్రపోతుంది, ఆ తరువాత నా దగ్గరికి రావలసిన రోజున తలుపు మూసి, పైన తువ్వాలు కప్పి, నెమ్మదిగా తీసుకురండి.